చిన్న చక్రాలూ, స్క్రూడ్రైవర్ కరిచిన తాతా

2024 ఫిబ్రవరి. నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పసుపు దిగుతున్న రోజులు. మా సైకిల్ షాపు యార్డుకు పోయే దారిలోనే ఉంటుంది కాబట్టి ఆ రెండు మూడు నెలలూ మాకు దుమ్ము కూడా పచ్చగానే ఉంటుంది. ర్యాకు తుడిస్తే గుడ్డ పచ్చన, ముక్కు చీదితే రుమాలు పచ్చన. నూనె పెట్టిన గొలుసు మీద ఆ పొడి పడిందంటే చెప్పక్కర్లేదు, ముద్ద కట్టి పళ్ల మధ్య కూర్చుంటుంది. "ఏందన్నా, సైకిల్‌కు నలుగు పెట్టినవా? పెండ్లి ఎప్పుడు?" అని వచ్చినవాళ్లను ఏడిపిస్తుంటాను.

మా నాన్న గంటకింత అని సైకిళ్లు కిరాయికి ఇచ్చిన షాపు ఇది. పన్నెండో ఏట పంక్చర్లతో మొదలుపెట్టాను, ఇప్పుడు నాకు నలభై ఎనిమిది. ఆడపిల్ల పానా పట్టిందని వింతగా చూడటానికి వచ్చినవాళ్లే ఇప్పుడు పిల్లల సైకిళ్లు నా దగ్గరికి తెస్తున్నారు. శారదక్కకు పని వచ్చుగానీ నోరు ఆగదని ఊళ్లో పేరు. కాదనను.

గేర్ల సైకిళ్లు పెరిగాక ఒక ప్రశ్న తరచూ వినబడుతోంది. "అక్కా, ఆ చిన్న చక్రాలు మారిస్తే స్పీడ్ పెరుగుతదా?" తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. గేర్ల సైకిల్ వెనక చక్రం దగ్గర ఒక చేయిలాంటిది వేలాడుతుంది. దాన్ని డీరైలర్ అంటారు. గొలుసును ఒక గేరు మీంచి ఇంకో గేరు మీదికి తోసేది అదే. దానిలో పళ్లున్న రెండు బుల్లి చక్రాలుంటాయి, పైన ఒకటి, కింద ఒకటి. వాటినే పుల్లీలంటాం. పాత రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దవి, అంతే. మామూలువి రెండు మూడు వందలకు వస్తాయి. లోపల సిరామిక్ గోళీల బేరింగ్ ఉన్నవైతే వేలల్లో ఉంటాయి. అవి వేస్తే రాపిడి తగ్గి సైకిల్ తేలికగా పోతుందని ఫోన్‌లో వీడియోలు చెబుతాయి.

ఆ వీడియోల మాట ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది. కొత్త పుల్లీని వేళ్ల మధ్య పట్టుకుని ఒక్క మీటు మీటుతారు. అది బొంగరంలా తిరుగుతూనే ఉంటుంది. పాతది మీటితే ఒక చుట్టు తిరిగి ఆగిపోతుంది. చూసేవాడి కళ్లు పెద్దవవుతాయి. కానీ చేతిలో ఉత్తగా తిరగడం వేరు, గొలుసు లాగుతుంటే తిరగడం వేరు. సాగిపోయిన గొలుసు మార్చకుండా, మురికి కడగకుండా, ఆరు వేలు పెట్టి పుల్లీలు వేసుకునేవాళ్లను చూస్తే ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్న సామెతే గుర్తుకొస్తుంది.

స్రవంతి వచ్చినప్పుడు నేను సరిగ్గా ఆ మూడ్‌లోనే ఉన్నాను.

పంతొమ్మిదేళ్ల పిల్ల. బోధన్ దాటి కందకుర్తి వైపు పోయే దారిలో వాళ్ల ఊరు. తండ్రి చెరుకు రైతు. హైదరాబాద్‌లో ఎవరో వాడి అమ్మిన రేసు సైకిల్ ఆమెది. దాని మీదే ఇరవై ఐదు కిలోమీటర్లకు పైగా తొక్కుకుంటూ వచ్చి, మంచినీళ్లు కూడా అడగకుండా నిలబడింది.

"అక్కా, సిరామిక్ పుల్లీలు తెప్పిస్తవా?"

"ఎవలు జెప్పిండ్రే నీకు?"

"పోయినేడు ఫస్ట్ వచ్చిన పిల్ల సైకిల్‌కు ఉన్నయక్కా."

"ఆ పిల్లకు కాళ్లు గూడ ఉన్నయి గదా. అవి గూడ తెప్పియ్యాల్నా?"

మామూలుగా ఈ మాటకు అందరూ నవ్వుతారు. ఈమె నవ్వలేదు. తల వంచుకుని, "రెండు సెకన్లక్కా," అంది. "ఆరుగుర్నే తీస్కుంటరు. పోయినేడు నేను ఏడోదాన్ని."

తర్వాత మెల్లగా సంగతంతా చెప్పింది. రాష్ట్ర జట్టు ట్రయల్స్. ఇరవై కిలోమీటర్లు ఒక్కొక్కరే తొక్కాలి, పక్కన పోటీదారు ఉండదు, గడియారంతోనే పోటీ. మొదటి ఆరుగురికి హాస్టల్, కోచింగ్, మంచి సైకిల్. ఆ వయసు విభాగంలో ఆమెకు ఇదే ఆఖరి ఏడు. "ఈసారి గాకపోతే సైకిల్ అమ్మేస్తనని బాపుకు మాట ఇచ్చినక్కా. మల్ల అడగనని చెప్పిన."

రెండు సెకన్లు. ఒక తుమ్ము తుమ్మినంత సేపు! ఆ తుమ్ముకు ఒక పిల్ల జీవితం అటో ఇటో అయిపోతుందా అని నా మనసు కలుక్కుమంది. కానీ నా నోరు వేరు కదా. "పైసలెక్కడివి?" అని గద్దించాను.

ఏర్గట్లలో మేనత్త ఉందట. నెలన్నర అక్కడే ఉండి పసుపు తవ్వకానికి కూలికి పోయిందట. అరచేతులు చూపించింది. గీతలు గీతలుగా పచ్చరంగు దిగి ఉంది, బొబ్బలు ఎండి ఉన్నాయి. ఆ చేతులు చూశాక ఆ డబ్బును పుల్లీలకు పెట్టనివ్వడానికి నాకు మరింత ప్రాణం ఒప్పలేదు. గంటసేపు వాదించాను. మీటే ఆట చూపించి, అందులో మోసమేమిటో విడమరిచి చెప్పాను. గొలుసు మీద కొలత పెట్టి, సాగిపోయిందని కళ్లకు కట్టించాను. అన్నీ విని, "నిజమే అక్కా. గొలుసు గూడ మార్చు. పుల్లీలు గూడ వెయ్యి," అంది.

మొండిది! "నీ ఇష్టం పో. తర్వాత నన్ను అనకు," అని తెప్పించి వేశాను. ముందు గొలుసు మార్చాను, డీరైలర్ వంకర తీశాను, పుల్లీలు బిగించాను. ఎర్రటి పుల్లీలు, సైకిల్‌కు కమ్మలు పెట్టినట్టుగా మెరిశాయి.

పది రోజులకు మళ్లీ వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది. "అక్కా, గేర్లు మంచిగ పడ్తున్నయి. గని సైకిల్ ఏదో పట్టుకుంటున్నట్టున్నది. మా ఊరి రోడ్డు మీద టైం పెట్టుకున్న. పోయినేటి కన్న మూడు సెకన్లు ఎక్కువే వచ్చింది."

నేను సైకిల్‌ను స్టాండు ఎక్కించి, పెడల్ తిప్పి పుల్లీల వైపే చూశాను. అవి వెన్నలా తిరుగుతున్నాయి. "సైకిల్‌కు ఏం రోగం లేదు. నీ మనసుల భయమే పట్టుకుంటున్నది," అని పంపేశాను. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

ట్రయల్స్‌కు ఇంక నాలుగు రోజులున్నాయనగా ఆటోలో సైకిల్ వేసుకుని వచ్చింది. పక్కన ఒక ముసలాయన. తెల్ల పంచె, పైన ఖాకీ చొక్కా. స్రవంతి వాళ్లమ్మ తండ్రి, గంగారాం తాత. రాష్ట్ర సరిహద్దు అవతల ఒక చక్కెర మిల్లులో ముప్పై రెండేళ్లు ఫిట్టర్‌గా చేశాడట. చెరుకు నలిపే రోలర్లు, మిల్లు భాషలో రోళ్లు, వాటి పక్కన అన్నేళ్లు నిలబడి చెవులు రెండూ పోయాయి. మాట వినపడదు. ఏదన్నా చెప్పాలంటే స్రవంతి ఆయన అరచేతిలో వేలితో రాస్తుంది. ఆయన మాత్రం రోళ్ల హోరులో మాట్లాడినట్టే గట్టిగా మాట్లాడతాడు.

"బిడ్డా! పిల్ల సెప్పేది అబద్ధం గాదు! బండి యాడనో పట్టుకుంటున్నది!" అన్నాడు. ఎదురుగా ఉన్న టీ కొట్టువాళ్లు కూడా తిరిగి చూశారు.

నాకు రోషం వచ్చింది. నా పనికి వంక పెడతాడా? పుల్లీ చూపించి, బేరింగ్ అంటే ఏమిటి, గోళీలెలా ఉంటాయి, సిరామిక్ అంటే ఏమిటి, చేతులు తిప్పుతూ ఐదు నిమిషాలు పాఠం చెప్పాను. ఆయన చిరునవ్వుతో ఓపిగ్గా చూశాడు. లారీ అంత రోలును మోసే బేరింగులను చేత్తో సవరించిన మనిషికి నేను బేరింగ్ గురించి చెబుతున్నాను! తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే.

పాఠం అయ్యాక నా పనిముట్ల బల్ల మీద చూపు తిప్పి, చెక్క పిడి ఉన్న పొడుగు స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. "గీ పేచ్‌కస్ సాలు," అన్నాడు. దాన్ని పంచె కొంగుతో శుభ్రంగా తుడిచాడు. కింద గొంతుకూర్చున్నాడు. స్క్రూడ్రైవర్ మొనను డీరైలర్ బోల్టుకు ఆనించి, చెక్క పిడిని పళ్ల మధ్య పెట్టి కరిచాడు.

నేను స్రవంతి వైపు చూశాను. "మిల్లుల గిట్లనే సూసేటోడంట అక్కా. చెవులు పోయినంక పండ్లతోని ఇనుడు నేర్సుకున్నడు," అంది మెల్లగా.

తాత చేత్తో సైగ చేశాడు. స్రవంతి పెడల్ తిప్పసాగింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. రోడ్డు మీద పసుపు బస్తాల లారీలు హారన్లు కొడుతున్నాయి, హమాలీలు కేకలు వేస్తున్నారు. అవేవీ ఆయనకు లేవు. చాలాసేపు అలాగే ఉన్నాడు. ఉన్నట్టుండి, కళ్లు తెరవకుండానే స్క్రూడ్రైవర్ తీసి, "ఎందుకే ఆపినవు? తిప్పు!" అన్నాడు.

ఆమె ఆపలేదు. తిప్పుతూనే ఉంది. చేయి పట్టుకుని చూపిస్తే తప్ప ఆయన నమ్మలేదు. మళ్లీ పిడి కరిచాడు. పైపుల్లీ, కిందపుల్లీ, మళ్లీ పైపుల్లీ. ముఖమంతా మెత్తబడిపోయింది. "ఓ బిడ్డా," అన్నాడు. మొదటిసారి గొంతు తగ్గింది. "ముప్పై రెండేండ్ల సర్వీసుల గిసుంటి బేరింగ్ సూడలే. తిరుగుతున్నదా, నిద్ర పోతున్నదా తెలుస్త లేదు. ఎవడు జేసిండే దీన్ని? వాని చేతులకు మొక్కాలె."

నేను దండగ అన్న వస్తువును చూసి ఆ పెద్ద ఫిట్టర్ చేతులు జోడించాడు.

తర్వాత ఆయన వెనక చక్రం ఇరుసు చూశాడు. బాగానే ఉందన్నట్టు తల ఊపాడు. ఆ తర్వాత స్క్రూడ్రైవర్ మొనను రెండు పెడళ్ల నడుమ ఇరుసు ఉండే గూటికి ఆనించాడు. సైకిల్ ఫ్రేము అడుగున ఉండే ఆ భాగాన్ని బాటమ్ బ్రాకెట్ అంటాం. తొక్కే బలమంతా మొదట పడేది దాని మీదే. ఈ రకం రేసు సైకిళ్లలో దాని బేరింగులు గూటికి బయట, కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి ఉంటాయి. కుడి పక్క పెట్టి చూశాడు. ఎడమ పక్క పెట్టాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"గాడ ఉన్నడు దొంగ!"

"ఏమైంది తాతా?" అన్నాను, వినపడదన్న సంగతి మరిచిపోయి.

"ఎడమ దిక్కు బేరింగ్. దెబ్బలు పడ్తున్నయి. ఒక్క తీరుగ గూడ లెవ్వు. గోళీ పలిగితే గిట్లుండది. లోపల ఏదో వడ్డది."

గొలుసు తీసేశాను. పెడల్ ఇరుసు ఊడదీసి, ఎడమ బేరింగ్‌లో వేలు పెట్టి తిప్పాను. గరగర. నా వేలికే తెలిసిపోయింది. గొలుసు లాగుడులో ఇరుసు గరగర చేతికి తెలియదు. నేనేమో ఇన్ని రోజులూ గొలుసు ఉంచే పెడల్ తిప్పి, చూపంతా పుల్లీల మీదే పెట్టాను. ఆమె పుల్లీలు కావాలంటుంది, నేను వద్దంటాను. ఇద్దరం ఆ బుల్లి చక్రాల మీద కొట్లాడుకుంటూ, కాలి బలమంతా మోసే ఇరుసు వైపే చూడలేదు. ముప్పై ఆరేళ్ల అనుభవం పెట్టుకుని నేను చేసిన పని ఇది. సిగ్గుతో తల వాలిపోయింది.

బేరింగ్ మీది రబ్బరు మూతను సూదితో లేపాను. లోపల గ్రీజు ఉండాల్సిన చోట ముదురు పసుపు ముద్ద, మధ్య మధ్య ఎర్రటి జీరలు, అంచుల్లో తుప్పు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పూజగది వాసన. ఇది యార్డు దుమ్ము కాదు. దుమ్మయితే మూత దాటి ఇంత లోపలికి పోదు.

"పసుపు కుంకుమ!" అన్నాను.

స్రవంతి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. "అమ్మ."

వాళ్లమ్మ ప్రతి శుక్రవారం ట్రాక్టర్‌తో పాటు కూతురి సైకిల్‌ను కూడా మోటారు పైపు పెట్టి కడుగుతుందట. ట్రాక్టర్‌కు చక్రం నడుమ గుండ్రంగా ఉన్న చోట తడి పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతుంది. సైకిల్‌కు అలాంటి గుండ్రటి చోటు ఎక్కడుందని వెతికి, పెడల్ ఇరుసు చివర పెట్టేది. కుడి పక్క గొలుసుంది, వేలికి నల్ల నూనె అంటుతుంది. అందుకని ఎడమ పక్క. బొట్టు జారి మూత అంచుల్లో చేరేది. మరుసటి శుక్రవారం మోటారు నీళ్ల జోరుకు అది లోపలికి పోయేది. మళ్లీ కొత్త బొట్టు. రెండేళ్ల పాటు, ఒక్క శుక్రవారం తప్పకుండా.

స్రవంతి ఆ సంగతి తాత అరచేతిలో రాసింది. ఆయన పగలబడి నవ్వి, దగ్గొచ్చి ఆగాడు. "మా మిల్లుల గూడ చెరుకు నలుపుడు షురూ జేసే దినం రోళ్లకు బొట్టు పెట్టేటోళ్లం! గని బేరింగ్ మూత దగ్గర పెట్టనిస్తునా నేను? రోలు మొఖానికే పెట్టిస్తుంటి! నా బిడ్డకు గీ ముచ్చట సెప్పకపోతిని!"

ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. కళ్లనిండా నీళ్లు. "అమ్మకు ఎట్ల సెప్పాలక్కా? నాకు మంచి జరగాలనే పెట్టింది. పోయినేడు ఆ రెండు సెకన్లు..."

"ఊకో," అన్నాను. "ఆ రెండు సెకన్లు దీంతోనే పోయినయని ఎవలు జెప్పొచ్చిండ్రు? మీ అమ్మను ఒక్క మాట అనకు. బొట్టు వద్దనకు. జాగ మార్చుమను, అంతే."

కొత్త బాటమ్ బ్రాకెట్ వేశాను. దాని ఖరీదు ఆ పుల్లీల్లో పావు వంతు కూడా లేదు. బిగించాక తాత మళ్లీ పళ్లతో చూసి, "సాఫ్!" అన్నాడు. ఆ ఒక్క మాటకు నాకు మా నాన్న వీపు తట్టినట్టనిపించింది.

వాళ్లు బయల్దేరబోతుంటే, "తాతా, నాకు గూడ చూపియ్యి," అని సైగ చేశాను. ఆయన నన్ను కింద కూర్చోబెట్టాడు. పీకి పడేసిన పాత బేరింగ్‌ను ఒక ఇరుసుకు తొడిగి తిప్పుతూ, స్క్రూడ్రైవర్ మొన దానికి ఆనించాడు. నేను రెండు చెవులూ మూసుకుని పిడి కరిచాను. అబ్బ! పుర్రె లోపల ఎవరో మరమరాలు నములుతున్నట్టుంది. తర్వాత మొనను పుల్లీకి మార్చాడు. స్రవంతి పెడల్ తిప్పింది. నేను చూస్తూనే ఉన్నాను, ఎర్ర చక్రం గిర్రున తిరుగుతూనే ఉంది. నా పళ్లకు మాత్రం ఏమీ తెలియలేదు. అంత వేగంగా తిరిగే వస్తువు అంత నెమ్మదిగా ఉండగలదని ఇన్నేళ్లుగా నాకు తెలియదు. ఇన్నాళ్లూ నేను ఈ వస్తువులను ధర చూసి తిట్టానే గానీ, ఒక్కసారైనా చెవి పెట్టి వినలేదు.

ట్రయల్స్ ఆదివారం పొద్దున, హైదరాబాద్ శివారు రోడ్డు మీద. షాపు మూసేసి నేనూ పోయాను. స్రవంతి తండ్రి రాలేదు, నీళ్ల వంతు ఉందట. తల్లి, తాత వచ్చారు. తల్లి నన్ను చూసి బెదురుగా దండం పెట్టింది. సైకిల్ వైపు చూశాను. ఎక్కడా బొట్టు లేదు. అయ్యో, భయపడి మానేసిందా అని నాకు చివుక్కుమంది.

స్రవంతి స్టార్ట్ గీత దగ్గరికి వచ్చి, ఒక కాలు పెడల్ మీద పెట్టింది. అప్పుడు చూశాను. రెండు మోకాళ్ల మీద గుండ్రంగా పసుపు, దాని నడుమ కుంకుమ.

"అక్కా, జాగ మార్చుమన్నవు గదా," అంది తల్లి నా పక్కనుంచి. "గాడ పెడితే బండికి ఏం గాదు గదా?"

"ఏం గాదమ్మా. పెట్టాల్సిన జాగ అదే," అన్నాను.

పిల్ల పోయింది. తిరిగి వచ్చేదాకా మేము ముగ్గురం ఆ రోడ్డు మలుపు వైపే చూస్తూ నిలబడ్డాం. ఆఖరి మలుపు దగ్గర కనబడినప్పుడు తల ఎత్తకుండా తొక్కుతోంది. చెమటకు మోకాళ్ల పసుపు కారి పిక్కల దాకా వచ్చింది. గీత దాటి, సైకిల్ మీంచి దిగలేక అలాగే గడ్డిలోకి ఒరిగిపోయింది.

మైకులో పేర్లు చదివారు. తాతకు వినపడదు కదా, ఆయన మైకు వైపు చూడలేదు, మనవరాలి ముఖం వైపే చూస్తూ నిలబడ్డాడు. అయిదు పేర్లయిపోయాయి. ఆరో పేరు స్రవంతిది. తల్లి అక్కడే కూలబడి ఏడ్చింది. తాత రెండు చేతులూ పైకెత్తి అరిచిన అరుపుకు మైకు పట్టుకున్నాయన కూడా ఆగిపోయాడు.

ఏడో అమ్మాయికీ స్రవంతికీ తేడా ఒక్క సెకను.

"అక్కా, ఆ ఒక్క సెకను ఏది ఇచ్చింది? పుల్లీలా, కొత్త ఇరుసా?" అని స్రవంతి నన్ను అడిగింది. అంతకు నెల ముందు అడిగి ఉంటే ఠకీమని చెప్పేదాన్ని. ఇరుసే ఎక్కువ ఇచ్చి ఉంటుందని ఇప్పటికీ నా నమ్మకం. కానీ ఒక్క సెకనే మిగిలినప్పుడు పుల్లీలు దండగని ఏ నోటితో అనేది? గొలుసు కావచ్చు, ఏర్గట్ల కూలి కావచ్చు, మోకాలి మీది బొట్టు కావచ్చు. "నాకు తెల్వదే," అన్నాను. నా వృత్తిలో నేను ఆ మాట అన్న రోజులు చాలా తక్కువ.

సైకిల్ ఆటోలో ఎక్కిస్తుంటే ఒక పిల్ల వచ్చి పక్కన నిలబడింది. ఏడుపు తుడుచుకున్న ముఖం. ఎవరో అడగక్కర్లేదు, ఏడో అమ్మాయి. ఇంకా ఒక ఏడు వయసు ఉందట. ఎర్ర పుల్లీల వైపే చూస్తూ, "అక్కా, అవి ఎంత పడ్తయి?" అని అడిగింది.

నేను ధర చెప్పలేదు, తిట్టనూ లేదు. సంచిలోంచి చెక్క పిడి స్క్రూడ్రైవర్ తీసి, చున్నీ కొంగుతో తుడిచాను.

"ముందుగాల నీ సైకిల్ తే," అన్నాను. "గొలుసు తీసి, ఇరుసు ఏమంటున్నదో ఇందాం."